అక్షరము వచ్చిన మీదటి చదువు



ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన విషయము క్రొత్తది కాదు. పెద్దవారికి చదువు చెప్పవలయునను మాట మన దేశములో నూఱేండ్లకు పైగా వినబడుచునే యున్నది. వయోజనవిద్య యనిరి, సాంఘికవిద్య యనిరి, సంపూర్ణ అక్షరాస్యత యనిరి, నిరంతరవిద్య యనిరి. మీలో పలువురు ఈ పేళ్లన్నియు వినియే యుందురు. కొందఱు రాత్రిబడులకు అరుగు ఇచ్చియు, లాంతరుకు నూనె పోసియు నుందురు. ఆ పథకముల జాబితా చదివి వినిపించుటకు నేను రాలేదు. నేర్చిన అక్షరము ఎక్కడ నిలిచినది, ఎక్కడ నిలువలేదు, ఎందుచేత నిలువలేదు అను ప్రశ్నలకు ఆ చరిత్రలో సమాధానము కలదు. దానిని వెదకుటయే నా ప్రయత్నము.

ఈ ప్రశ్న నాకు పుస్తకముల వలన పుట్టలేదు. 1991లో మా యూరి రాత్రిబడిలో నేను వాలంటీరుగా పనిచేసితిని. పగలు పిల్లలకు పాఠములు చెప్పి, రాత్రి లాంతరు వెలుగున పెద్దలను కూర్చుండబెట్టుకొనెడివాడను. నా యెదుట కూర్చున్న వారిలో ఒక కూలియమ్మ యుండెను. వయస్సు ముప్పది దాటి యుండును. నాట్ల దినములలో వ్రేళ్లు నాని బలపము పట్టుటకు రాకున్నను ఆమె ఒక్కనాడును మానలేదు. మూడు వాచకములును ముగించెను. తన పేరు మొదటిసారి తప్పులేకుండ వ్రాసిననాడు ఆ పలకను ఇంటికి గొనిపోయి, చెరుపక, గూటిలో దీపము ప్రక్కన నిలిపి యుంచినదట.

పండ్రెండేండ్లు గడచినవి. 2003లో ఒకనాడు పంచాయతీ అరుగు మీద ఏవో కాగితములు పంచుచుండగా ఆమె వంతు వచ్చెను. నేను కలము అందించితిని. ఆమె దానిని ప్రక్కకు నెట్టి, సిరాదిమ్మె మీద బొటనవ్రేలు అద్దెను.

“ఏమమ్మా, సంతకము చేయవా?” అంటిని.

“అక్షరాలు మాసిపోయినాయి అయ్యవారూ.”

“అంత కష్టపడి నేర్చితివి గదా, ఎట్లు మాసినవి?”

“చదవడానికి ఏముంది అయ్యవారూ? మీరిచ్చిన పుస్తకాలు మూడే గదా. అవి అయిపోయినాయి. ఆ మీదట ఎవరిచ్చినారు?”

ఆమె ఈ మాటను నిష్ఠురముగా అనలేదు. నాకు మాత్రము నిష్ఠురముగానే తోచినది. ఎందుకు తోచినదో చివర విన్నవించుకొందును. ముందు చరిత్ర వినుడు.

మన పూర్వులలో అక్షరము రానివారందఱును జ్ఞానము లేనివారు కారు. రచ్చబండ వద్ద పురాణము విని, హరికథలు విని, తోలుబొమ్మలాట చూచి వారు భారత రామాయణములను కంఠస్థము చేసికొనిరి. కాని వినికిడి చదువుకు ఒక హద్దు కలదు. భారతము విన్నవాడు ధర్మసూక్ష్మము నెఱుగును. తన ప్రోనోటులో వడ్డీ ఎంతయని వ్రాసిరో ఎఱుగడు. 1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో దేశమునందు చదువ వ్రాయ వచ్చినవారు నూటికి అయిదుగురు మాత్రమే. 1931 నాటికి ఆ సంఖ్య పదికి చేరలేదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మట జరిగిన మొదటి లెక్కలలో, అనగా 1951లో, నూటికి 18 మంది తేలిరి. స్త్రీలలో నూటికి 9 మందియైనను లేరు.

ఈ చీకటిలో మన తెలుగువారు మొదట వెలిగించిన దీపము గ్రంథాలయము. 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము పుట్టెను. 1914 ఏప్రిలులో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై ఒక సంఘముగా ఏర్పడిరి. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు ప్రాణము పోసిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయమును వయోజనవిద్యను రెండు కన్నులుగా భావించి జీవితాంతము పనిచేసిరి. వేటపాలెములో సారస్వతనికేతనము 1918లో మొదలై నేటికిని నిలిచియున్నది. 1935లో గుంటూరు జిల్లా కాలువల మీద పుస్తకములు నింపిన పడవ యొకటి ఊరూర ఆగుచు పోయెను. రేవున దిగినవాడు పుస్తకము తీసికొని, పడవ మఱల వచ్చినప్పుడు తిరిగి యిచ్చెడివాడు.

ఆ కాలపు గ్రంథాలయములలో చదువురానివారికి చదివి వినిపించుటయు, రాత్రిబడులు నడుపుటయు కూడ కలవు. ఇందొక క్రమము గమనింపుడు. వారు ముందు పుస్తకమును ఊరిలో నిలిపిరి. ఆ పుస్తకము చదువవలయునను కోరికచే అక్షరము నేర్చుకొనువారిని తరువాత చేరదీసిరి. పిదపటి ప్రభుత్వ పథకములలో ఈ క్రమము తలక్రిందయ్యెను. అక్షరము ముందు వచ్చెను. పుస్తకము వెనుక వచ్చుననిరి. పెక్కుచోట్ల అది రానేలేదు.

1937లో రాష్ట్రములలో కాంగ్రెసు మంత్రివర్గములు ఏర్పడగానే నిరక్షరాస్యతా నిర్మూలనము ప్రభుత్వకార్యముగా మొదటిసారి పరిగణింపబడెను. 1938లో బీహారులో విద్యామంత్రి సయ్యదు మహమూదుగారు సామూహిక అక్షరాస్యతోద్యమమును ప్రారంభించిరి. 1939లో ఢిల్లీయందు భారత వయోజనవిద్యా సంఘము స్థాపింపబడెను. అదే సంవత్సరమున యుద్ధము వచ్చి మంత్రివర్గములు రాజీనామా చేయగా, రాజిన మంట చల్లారెను. పెద్దల చదువు ఎప్పుడును ఏదో ఒక ప్రభుత్వముతో పుట్టి, ఆ ప్రభుత్వముతో పోవు జబ్బు ఆనాడే మొదలైనదని చెప్పవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప విద్యామంత్రి మౌలానా ఆజాదుగారు వయోజనవిద్యకు సాంఘికవిద్య యను విశాలమైన అర్థమిచ్చిరి. అక్షరములతో పాటు ఆరోగ్యము, పౌరధర్మము, వృత్తి, వినోదము అన్నియు దానిలో చేరవలయునని వారి ఉద్దేశము. 1952 అక్టోబరు 2న సమాజవికాస పథకము ఆరంభమైనప్పుడు బ్లాకులలో సాంఘికవిద్యా నిర్వాహకులు నియమింపబడిరి. ఊహ గొప్పది. కాని పంటలు, రోడ్లు, బావులు అను పనుల నడుమ అక్షరము అడుగున పడినది.

ఈ కాలమున జరిగిన రెండు ప్రయత్నములు ప్రత్యేకముగా చెప్పదగినవి.

మొదటిది రేడియోకు సంబంధించినది గనుక మీకును నాకును దగ్గఱిది. 1956లో పూనా ప్రాంతమున 150 గ్రామములలో రేడియో గ్రామగోష్ఠులు ఏర్పడెను. ఊరిలో కొందఱు ఒకచోట గుమిగూడి ప్రసంగము విందురు. విని ఊరకుండక చర్చింతురు. చర్చించి తమ యూరిలో ఆచరింపదగినది నిర్ణయింతురు. అక్షరము వచ్చినవారును రానివారును ఒకే చాప మీద కూర్చుండి నేర్చుకొనగలరని ఆ గోష్ఠులు చూపినవి.

రెండవది 1959లో మహారాష్ట్రమందలి సాతారా జిల్లాలో పుట్టిన గ్రామశిక్షణోద్యమము. ఊరిలోని పెద్దవారందఱును కొద్దినెలలలో అక్షరములు నేర్చి, దేవాలయము ముందు ఉత్సవము జరుపుకొని, తమ గ్రామము ఇక వేలిముద్ర వేయదని ప్రతిజ్ఞ చేసెడివారు. ఖర్చు తక్కువ, ఉత్సాహము ఎక్కువ. కాని ఉత్సవము ముగిసిన పిమ్మట చదువుటకు పుస్తకము లేకపోయెను, పలకరించువాడు లేకపోయెను. నేర్చినవారిలో పెక్కుమంది మఱల మఱచిరి. మా కూలియమ్మ చెప్పిన మాట అంతకు ముప్పదియేండ్లకు ముందే సాతారా గ్రామములలో నిజమైనది. మనము దానిని వినలేదు.

1967–68లో కఱవుల భయము వలన క్రొత్త విత్తనములు దేశమున ప్రవేశించినప్పుడు, రైతులకు సేద్యముతో కలిపి చదువు నేర్పు పథకమొకటి వచ్చెను. ఎరువు సంచి మీది వ్రాతయే పాఠము. తరువాత 1978 అక్టోబరు 2న జాతీయ వయోజనవిద్యా కార్యక్రమము ప్రారంభింపబడెను. పదునైదు మొదలు ముప్పదియైదేండ్ల వయస్సు గల 10 కోట్లమందికి అయిదేండ్లలో చదువు చెప్పవలయునని సంకల్పము. ఒక్కొక్క కేంద్రమునకు ముప్పదిమంది విద్యార్థులు, ఒక బోధకుడు, అతనికి నెలకు 50 రూపాయలు. రెండేండ్లు తిరుగకముందే ప్రభుత్వము మాఱెను, సంకల్పము సన్నగిల్లెను. కేంద్రములు కొన్ని కాగితము మీదనే వెలుగుచుండినవని విమర్శలు వచ్చెను. నెలకు 50 రూపాయలకు సంవత్సరము పొడవున లాంతరు వెలిగించిన బోధకులు కూడ వేలకొలది కలరని నేను మఱువజాలను.

1988 మే 5న జాతీయ అక్షరాస్యతా ఉద్యమసంస్థ, అనగా నేషనల్ లిటరసీ మిషను, ఆరంభమయ్యెను. 1995 నాటికి 8 కోట్లమందికి ఉపయోగపడు చదువు చెప్పుట దాని గమ్యము. చదువు వచ్చినదనుటకు కొలత కూడ పెట్టిరి. నిమిషమునకు ముప్పది మాటలు పైకి చదువవలయును. నూఱు వఱకు లెక్క రావలయును. సుమారు 200 గంటలలో మూడు వాచకములు ముగియవలయును.

ఈ సంస్థకు త్రోవ చూపినది కేరళములోని ఎర్నాకుళము జిల్లా. 1989 జనవరిలో అచ్చట కలెక్టరు, కేరళ శాస్త్రసాహిత్య పరిషత్తు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, గృహిణులు ఏకమై ఇల్లిల్లును తిరిగి చదువురానివారిని లెక్కవేసిరి. దాదాపు ఇరువదివేలమంది జీతము లేని బోధకులు బయలుదేరిరి. వృద్ధులకు అక్షరములు ఆనకపోవుట చూచి, ఊరివారి నుండి కండ్లజోళ్లు సేకరించి పంచిరి. పెద్దవాడు నేర్వలేడనుటకు బుద్ధిమాంద్యము కాక చత్వారము కారణమగుట ఎన్నిసారులు జరిగినదో! 1990 ఫిబ్రవరి 4న ప్రధానమంత్రి విశ్వనాథ ప్రతాపసింహుగారు ఆ జిల్లాను సంపూర్ణాక్షరాస్య జిల్లాగా ప్రకటించిరి. 1991 ఏప్రిలు 18న కోళికోడులో కేరళ రాష్ట్రమంతయు అట్లే ప్రకటింపబడెను. ఆ ప్రకటనను చదివినది మంత్రియో అధికారియో కాదు; ఆ యుద్యమములోనే అక్షరములు నేర్చిన చేలక్కోడన్ ఆయిషా యను పెద్దమ్మ.

కేరళములో నేర్చినది నిలుచుటకు కారణమేమి? అచ్చట 1945లోనే పి. యన్. పణిక్కరుగారు నలువదియేడు గ్రంథాలయములతో ఒక సంఘము స్థాపించి, పిదప దానిని ఊరూర వ్యాపింపజేసిరి. వాచకము ముగించినవానికి నడచిపోదగిన దూరములో పుస్తకశాల యుండెను. అంతటితో ఆగక, రాష్ట్ర అక్షరాస్యతా సంస్థ నాలుగవ తరగతికి, ఏడవ తరగతికి, పదవ తరగతికి సమానమైన పరీక్షలు పెద్దల కొఱకు ఏర్పాటు చేసెను. 2018లో తొంబదియాఱేండ్ల కార్త్యాయని అమ్మ అచ్చటి అక్షరపరీక్షలో నూటికి 98 మార్కులు తెచ్చుకొన్న వార్త మీరు వినియుందురు. ఆ వయస్సున పరీక్ష వ్రాయ బుద్ధిపుట్టుట ఆమె గొప్పతనము. వ్రాయుటకు పరీక్ష యొకటి సిద్ధముగా ఉండుట ఆ రాష్ట్రము గొప్పతనము.

ఇక మన నెల్లూరు మాట. 1991 ప్రాంతమున నెల్లూరు జిల్లాలో అక్షరదీపమను పేర ఉద్యమము నడచెను. వాచకములలో సీతమ్మ కథ యను పాఠముండెను. ఆడవారు ఏకమైన ఏమి చేయగలరను పాఠమును ఉండెను. సారాయి వలన చెడిన కాపురములు ఆ పాఠములకు విషయము. కలిగిరి మండలములోని దూబగుంట గ్రామమున స్త్రీలు ఆ పాఠములను చదివి, తమ బ్రతుకునే చదివినట్లు భావించిరి. పగలంతయు పడిన కూలి సాయంకాలమునకు సారాదుకాణము పాలగుచుండెను. వారు గుంపుగా వెళ్లి ఊరిలో సారాయి అమ్మకము మాన్పించిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు ఆ విధముగా దేశమునకు తెలిసినది. 1992లో ఆ కెరటము జిల్లా యంతటను లేచి, సారా వేలంపాటలు జరుగకుండ స్త్రీలే అడ్డుకొనిరి. 1993 ఏప్రిలులో జిల్లాయందును, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడినది.

అక్షరములే దీనినంతయు చేసినవనుట అతిశయోక్తి. ఆకలి, అవమానము, దెబ్బలు అంతకుముందే గుండెలలో నుండెను. కాని రాత్రిబడి ఆ స్త్రీలను ప్రతిదినము ఒకచోట చేర్చినది. ఎవరికి వారు తమ ఇంటి గుట్టని దాచుకొన్న బాధ అందఱిదియు నని తెలిపినది. నెల్లూరులో ఇంకొక మేలును జరిగినది. సారాయికి పోవు డబ్బు మిగులగా, ఆ స్త్రీలు పొదుపులక్ష్మి సంఘములు పెట్టిరి. సంఘము అనగా పుస్తకము; పుస్తకము అనగా పద్దు; పద్దు అనగా చదువు. అక్షరమునకు నిత్యము పని దొరకిన చోట అది మాసిపోలేదు. దూబగుంట చెప్పు పాఠములలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఇదియే.

అన్ని ఊళ్లును దూబగుంటలు కాలేదు. మా యూరు కాలేదు. దానికి కారణము చెప్పెదనంటిని గదా, చెప్పుచున్నాను.

అక్షరము నేర్చినవాడు మఱచునని ప్రభుత్వమునకు తెలియక పోలేదు. 1988 నాటి సంస్థయే నాలుగైదు గ్రామములకొక జనశిక్షణ నిలయము ఉండవలయుననెను. అందు పుస్తకములు, పత్రికలు, ఒక ప్రేరకుడు, సాయంకాలపు చర్చ. 1995 తరువాత నిరంతరవిద్యా పథకము వచ్చి, సుమారు రెండువేల జనాభాకొక కేంద్రముండవలయుననెను. కాగితము మీద ఈ యోచనయందు లోపము లేదు. మా యూరికి కూడ ఒక పెట్టె వచ్చెను. పెద్ద అక్షరములతో అచ్చయిన చిన్న పుస్తకములు. పశువుల రోగములు, పసిపిల్లల ఆహారము, భూమి పట్టాలు, నీతికథలు. ఆ పెట్టె తాళపుచెవి నా చేతికి ఇచ్చిరి.

నేను పుస్తకములకు సంఖ్యలు వేసి, జాబితా వ్రాసి, పెట్టెలో పెట్టి తాళము వేసితిని. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఒక్క పుస్తకము తగ్గినను నేను బాధ్యుడనగుదునని భయపడితిని. మట్టిచేతులతో పట్టుకొన్న పుటలు మాయునని సంకోచించితిని. అడిగినవారికి ‘రేపు’ అని చెప్పితిని. కొన్నాళ్లకు అడుగువారు మానివేసిరి. తనిఖీలో నా పెట్టె చూచి, ఒక్క పుటయు నలుగలేదని మెచ్చుకొనిరి. ఆ మెప్పును నేను ఆనందముగా స్వీకరించితిని.

2003లో ఆ కూలియమ్మ ‘ఆ మీదట ఎవరిచ్చినారు’ అన్నప్పుడు ఆ తాళపుచెవి నా ఇంటి గోడకు వ్రేలాడుచుండెను. పెద్దలారా, ప్రభుత్వముల తప్పులను చాల చెప్పితిని. ఈ తప్పు నాది. దీనిని చెప్పకుండ మిగిలినవి చెప్పుటకు నాకు అర్హత లేదు.

ఆ రాత్రి పెట్టె తెఱచితిని. కొన్ని పుస్తకములు చెదపట్టినవి. మిగిలినవానిలో ఒకదానిని మరునాడు ఆమె ఇంటికి గొనిపోయి యిచ్చితిని. ఆమె వెంటనే చదువలేకపోయెను. రెండు మూడు మాసములు మఱల పలక పట్టవలసివచ్చెను. పండ్రెండేండ్ల క్రిందట ఆ పెట్టెకు తాళము లేకున్నచో ఈ శ్రమ ఆమెకు లేకపోయెడిది. ఆమెతో చదివినవారిలో ఇద్దఱు అప్పటికే గతించిరి. వారికి నేను పుస్తకమీయలేను.

తరువాతి చరిత్ర క్లుప్తముగా వినుడు. 2009 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినమున, సాక్షరభారత కార్యక్రమము వచ్చెను. 7 కోట్లమందికి చదువు చెప్పవలయునని, వారిలో 6 కోట్లమంది స్త్రీలుండవలయునని దాని ఉద్దేశము. గ్రామపంచాయతీకొక లోకశిక్షా కేంద్రము పెట్టి ప్రేరకులను నియమించిరి. 2018 మార్చి 31తో అది ముగిసెను, కేంద్రములు మూతబడెను, ప్రేరకులు ఇండ్లకు పోయిరి. నాలుగేండ్ల తరువాత, 2020 నాటి జాతీయ విద్యావిధానమును అనుసరించి, 2022 నుండి 2027 వఱకు నవభారత సాక్షరతా కార్యక్రమము ఏర్పడినది. దీనిని ఉల్లాస్ అనియు పిలుచుచున్నారు. పదునైదేండ్లు దాటిన 5 కోట్లమంది దీని గమ్యము. అక్షరజ్ఞానము, జీవననైపుణ్యములు, వృత్తి, ప్రాథమికవిద్య, నిరంతరవిద్య అను అయిదు అంగములు దీనికి కలవు. బోధకులు జీతము లేనివారు. 2024 జూనులో లడాఖు ప్రాంతమును, 2025 మేలో మిజోరము రాష్ట్రమును ఈ కార్యక్రమము క్రింద సంపూర్ణాక్షరాస్యములుగా ప్రకటించిరి.

మొత్తము మీద దేశము ముందుకు పోలేదని నేననను. 2011 లెక్కలలో నూటికి 73 మంది చదువ వ్రాయ నేర్చినవారు. చదువురానివారి శాతము ఏటేట తగ్గుచుండినను, జనాభా పెరుగుటచే వారి సంఖ్య పెరుగుచునే వచ్చి, 1991కిని 2001కిని నడుమ మొదటిసారి తగ్గినది. ఇది చిన్న విజయము కాదు. కాని 2011లో అప్పటి మన ఆంధ్రప్రదేశము 67తో దక్షిణదేశపు రాష్ట్రములన్నిటికంటె వెనుకబడియుండెను. 1901లోనే భాషానిలయము స్థాపించిన జాతికి, కాలువల మీద పడవలో పుస్తకములు పంపిన జాతికి ఇది తగునా?

పరదేశపు ఉదాహరణ ఒక్కటి చెప్పి ముగింతును. 1961లో క్యూబా యను చిన్న ద్వీపదేశము బడిపిల్లలను సైతము పల్లెలకు పంపి, ఒక్క సంవత్సరములో 7 లక్షలమంది పెద్దలకు అక్షరములు నేర్పెను. లోకమంతయు ఆ సంవత్సరమునే పొగడెను. కాని ఆ పని నిలిచినది ఆ మీది సంవత్సరముల వలన. నేర్చినవారి కొఱకు వెంటనే తరువాయి తరగతులు తెఱచి, పెద్దలను ఆఱవ తరగతి వఱకు నడిపించిరి. అక్షరోద్యమము విత్తనము వంటిది; తరువాయి చదువు తడి వంటిది. విత్తి తడి పెట్టని రైతును మనము ఏమందుము?

ఇప్పుడు కొందఱు, చేతిఫోను మాటలాడును, చదివి వినిపించును, ఇక పెద్దలకు చదువేల యని అడుగుచున్నారు. ఫోనులో బ్యాంకు పంపిన వార్త చదువలేనివాడు ఆ ఫోనును ఎవరి చేతికిచ్చి చదివించుకొనుచున్నాడో ఆలోచింపుడు. ప్రోనోటు నాడు కరణము చేతిలో నుండిన మన గుట్టు నేడు ఎవరి చేతికో పోవుచున్నది. సాధనము మాఱినది, అవసరము మాఱలేదు.

పథకములు వచ్చును, పోవును. వానిని నడుపుట మన చేతిలో లేదు. అవి పోయిన మరునాడు ఊరిలో ఏమి మిగులునో అది మన చేతిలో నున్నది. మీ యూరిలో ఎక్కడనో ఒక పెట్టె కలదు. పంచాయతీ గదిలోనో, బడి బీరువాలోనో, ఎవరి అటక మీదనో. దానిని దింపి తాళము తీయుడు. పుస్తకములు మాయనిండు, చిరుగనిండు. మాసిన పుస్తకమే చదువబడిన పుస్తకము. పంచాయతీ ప్రకటనలను పెద్ద అక్షరములతో గోడకు వ్రాయింపుడు. వారమునకొక సాయంకాలము పత్రికను అరుగు మీద చదివింపుడు. చదువునది మీరు గాక, క్రొత్తగా నేర్చినవారు చదువవలయును. తడబడినను వేచియుండుడు. వేలిముద్రకు సిరాదిమ్మె అందించుటకు ముందు ఒక్కసారి కలము అందింపుడు. కాదన్నవారిని ఎందుకు కాదనుచున్నారో అడుగుడు. అడిగి, సమాధానము వినుడు.

మా కూలియమ్మ ఇప్పుడు వృద్ధురాలు. కండ్లజోడు పెట్టుకొని చదువును. చదువుట నెమ్మది, నిమిషమునకు ముప్పది మాటలు రావు. మొన్న నొకనాడు ఒక పుస్తకము నాకు తిరిగి యిచ్చుచు, “ఇది అయిపోయింది అయ్యవారూ, ఇంకోటి ఇయ్యండి” అన్నది. పెట్టెలో ఆమె చదువని పుస్తకము ఇక మిగులలేదు. పొరుగూరి గ్రంథాలయమునకు పోయి తేవలసియున్నది. రేపు పోవుదును. ఈ పర్యాయము ‘రేపు’ అను మాటను నిజము చేయవలయును.

సెలవు.